మంగు మచ్చలకు 30 శాతం గ్లైకాలిక్ పీల్ ఇంట్లో వాడుకోవచ్చా?

ప్రశ్న (అనంతపురం, సైన్సు ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. రెండో కాన్పు తరువాత నాకు రెండు చెంపల మీదా మంగు వచ్చింది. చిన్నవాడు బడికి వెళ్లే వయసు వచ్చినా అది పోలేదు సరికదా, ఎండాకాలం వచ్చిన ప్రతిసారీ మరికాస్త ముదురుతోంది. దానికి తోడు గడ్డం పక్కన పాత మొటిమల మచ్చలు ఉన్నాయి. ఇక్కడే ఒక చర్మవైద్యురాలికి చూపించుకున్నాను. ముందుగా కొన్ని వారాలు క్రీములు వాడి చర్మాన్ని సిద్ధం చేసుకోవాలని, ఆ తరువాత రెండు మూడు వారాల ఎడంతో కొన్ని విడతలుగా కెమికల్ పీల్ (ఆమ్లం పూసి చర్మపు పై పొరను ఊడదీసే చికిత్స) చేయించుకోవాలని ఆమె చెప్పారు. ప్రతి విడతకూ అయ్యే ఖర్చు, బడికి సెలవు పెట్టడం, పిల్లలను ఎవరికో ఒకరికి అప్పగించి వెళ్లడం, ఇవన్నీ లెక్క వేసుకుని వాయిదా వేస్తూ వచ్చాను.

వైశాఖ మాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది. ఈలోగా ఏదైనా చేసుకుందామని, 30 శాతం గ్లైకాలిక్ ఆమ్లం అని రాసి ఉన్న చిన్న సీసాను ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె మీద ప్రొఫెషనల్ పీల్ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు గాని, వాడే పద్ధతి మాత్రం నాలుగు వాక్యాలకు మించి లేదు. ముఖానికి రాసి 10 నిమిషాలు ఉంచి కడగాలట. సీసాను ఇంకా తెరవలేదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. కొన్ని నెలలుగా మెడికల్ షాపులో దొరికే ఒక ట్యూబును రాత్రిపూట రాసుకుంటున్నాను. దాని మీద హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అని మూడు పేర్లు ఉన్నాయి. రోజూ స్కూటీ మీద, ముఖానికి చున్నీ కట్టుకుని, బడికి వెళ్లి వస్తాను. ఈ పరిస్థితిలో ఆ సీసాను వాడవచ్చా? వాడకూడదంటే, ఇంట్లో సురక్షితంగా చేసుకోగలిగిన పీల్ అంటూ ఏదైనా ఉందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (కర్నూలు, ఫార్మసిస్టు)

టీచర్ గారూ, సీసా మూత తీయకముందే అడిగి చాలా మంచి పని చేశారు. దయచేసి దానిని అలాగే ఉంచండి. ఎందుకో మీరు సైన్సు చెప్పేవారు కాబట్టి సైన్సు మాటల్లోనే చెబుతాను.

పీల్ బలాన్ని శాతం ఒక్కటే నిర్ణయించదు. గ్లైకాలిక్ ఆమ్లంలో చర్మంలోకి చొచ్చుకుపోయి పని చేసే భాగం అయనీకరణ చెందని స్వేచ్ఛా ఆమ్లం. అది ఎంత ఉంటుందన్నది ద్రావణం పీహెచ్ మీద, అంటే ఆమ్లత్వపు కొలత మీద ఆధారపడుతుంది; ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. పీహెచ్ 3.8 దగ్గర ఉంటే దాదాపు సగం ఆమ్లమే స్వేచ్ఛగా ఉంటుంది. పీహెచ్ 2 కు దిగితే దాదాపు మొత్తం స్వేచ్ఛగానే ఉంటుంది. అందువల్ల ఒకే శాతం రాసి ఉన్న రెండు సీసాలలో ఒకటి చురుక్కుమనిపించి వదిలేయవచ్చు, రెండోది చర్మాన్ని కాల్చివేయవచ్చు. పైగా ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలనే ఈ కుటుంబంలో గ్లైకాలిక్ అణువే అన్నిటికంటే చిన్నది కాబట్టి అది త్వరగా, లోతుగా దిగుతుంది. లాక్టిక్ అణువు దానికంటే పెద్దది, మాండెలిక్ అణువు ఇంకా పెద్దది. మన చాయ వారికి ఆ రెండూ కొంత మెత్తగా పని చేయడానికి ఇదొక కారణం.

సౌందర్య సాధనాలలోని పదార్థాల భద్రతను పరిశీలించే అమెరికా నిపుణుల సంఘం ఒకటి గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాలకు చాలా కాలం క్రితమే హద్దులు చెప్పింది. సామాన్యులు ఇంట్లో వాడే వస్తువులో ఆమ్లం 10 శాతానికి మించకూడదు, పీహెచ్ 3.5 కంటే తగ్గకూడదు, వాడినన్నాళ్లూ ఎండ నుంచి రక్షణ తీసుకోవాలి. 30 శాతం, పీహెచ్ 3 అన్నది శిక్షణ పొందినవారు కొద్దిసేపు రాసి పూర్తిగా కడిగివేసే సందర్భానికి చెప్పిన హద్దు. మీ సీసా శాతంలోనే ఆ రెండో హద్దును తాకుతోంది, పీహెచ్ ఎంతో అసలు చెప్పడం లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2024లో, ట్రైక్లోరో అసిటిక్, గ్లైకాలిక్, శాలిసిలిక్, లాక్టిక్ ఆమ్లాలతో ఆన్‌లైన్‌లో అమ్మే కొన్ని పీల్ ద్రావణాలను వైద్యుల పర్యవేక్షణ లేకుండా కొనవద్దని, వాడవద్దని ప్రజలను హెచ్చరించింది.

ఇక పెట్టె సంగతి. మన దేశంలో తయారైన సౌందర్య సాధనం మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఎప్పటిలోగా వాడాలో తెలిపే తేదీ ఉండాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు వివరాలు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ సంఖ్య ఉండాలి. ఒకసారి పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూడండి. ఇవి లేని సరుకు లోపల రాసినంత ఆమ్లమే ఉందని నమ్మడానికి ఏ ఆధారమూ ఉండదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీరు చివరలో చెప్పిన ట్యూబు. మొమెటాసోన్ స్టెరాయిడ్. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలుచబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపించడం మొదలవుతుంది. ట్రెటినాయిన్ చర్మపు పై పొరను ఇప్పటికే పలుచన చేసి ఉంటుంది. అలాంటి ముఖం మీద 30 శాతం గ్లైకాలిక్ పోస్తే అది ఎంత లోతుకు పోతుందో ఎవరూ చెప్పలేరు. పై పూతగా వాడే స్టెరాయిడ్లను 2018లో ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అయినా ఫెయిర్‌నెస్ క్రీము ఇవ్వమని అడిగినవారికి ఇవే చేతికి వస్తున్నాయి. మా వృత్తిలో ఉన్నవారు ఈ విషయంలో గట్టిగా నిలబడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

గత వేసవిలో ఒక తల్లి తన కూతురిని మా షాపుకు తీసుకువచ్చింది. ఆ అమ్మాయి ఇలాంటి సీసానే డ్రాపరుతో నేరుగా చెంప మీద వేసుకుంది. ద్రావణం నీళ్లలా పలుచగా ఉండి చెంప మీది నుంచి దవడ కిందికి జారింది. అది జారిన దారి వెంట వేలి వెడల్పున ముదురు గోధుమ రంగు చార, ముక్కు మడతలో పొక్కు కట్టి ఎండిన చిన్న పుండు నాకు కనిపించాయి. ఆమె ఏదైనా ఆయింట్‌మెంట్ ఇవ్వమని అడిగింది. నేను ఏమీ ఇవ్వకుండా, సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లమని పంపాను.

సమాధానం (కడప, చర్మవైద్యంలో పీజీ విద్యార్థిని)

నమస్కారం అండీ. పై సమాధానంలో చెప్పిన రసాయన విషయాలతో ఏకీభవిస్తూ, వైద్యపరంగా కొన్ని మాటలు కలుపుతాను. మీ ముఖం చూడకుండా చెబుతున్నాను కనుక, వీటిని మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఉపయోగపడే సమాచారంగా మాత్రమే తీసుకోండి.

మన చర్మంలో పీల్ వల్ల కలిగే అసలు ప్రమాదం ఆ రోజు లేచే పొట్టు కాదు, ఆ తరువాత మిగిలే నలుపు. చామనఛాయ, నలుపు చర్మాలలో రంగునిచ్చే కణాలు ఏ చిన్న మంటకైనా, వాపుకైనా వెంటనే స్పందించి ఎక్కువ రంగును తయారు చేస్తాయి. తెల్లని చర్మం మీద వారం రోజుల్లో తగ్గిపోయే ఎరుపు మన చర్మం మీద నెలల తరబడి నిలిచే మచ్చగా మారుతుంది. విదేశీయులు చేసిన వీడియోలు చూసి సమయాన్ని, శాతాన్ని నిర్ణయించుకోకూడదని మేము ఓపీలో పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

మంగు విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. మొటిమల మచ్చ ఒక మానిన గాయపు గుర్తు. మంగు అలా కాదు, అది ఇంకా నడుస్తున్న వ్యాధి. ఎండ, వేడి, హార్మోన్లు, కొంతవరకు వంశం, అన్నీ కలిసి దానిని నడిపిస్తుంటాయి. పీల్ పై పొరలోని రంగును కొంత తొలగించగలదు గాని, ఆ రంగును తయారుచేసే ప్రక్రియను ఆపలేదు. అందుకే మంగుకు పీల్ ఎప్పుడూ తోడు చికిత్స మాత్రమే. క్రీములు, ఎండ రక్షణ లేకుండా పీల్ ఒక్కటే చేస్తే, మొదట కొంచెం తేటపడినట్టు కనిపించి తరువాత మునుపటికంటే ముదురుగా తిరిగి వచ్చే అవకాశం ఉంది. మీ డాక్టరు ముందుగా కొన్ని వారాలు క్రీములు వాడమన్నది చర్మం ఒకే తీరుగా స్పందించేలా చేయడానికి, ఆ తరువాత వచ్చే నలుపును తగ్గించడానికి. ఆ దశను దాటవేయకండి.

క్లినిక్‌లో కూడా 30 శాతం గ్లైకాలిక్‌ను రాసి పది నిమిషాలు వదిలి వెళ్లిపోము. మొదటి విడతలో ఒకటి రెండు నిమిషాలతో మొదలుపెట్టి, కళ్లార్పకుండా చర్మాన్ని చూస్తూ, ఎరుపు రాగానే సోడియం బైకార్బనేట్ ద్రావణంతో తటస్థీకరిస్తాము. ఎక్కడైనా తెల్లబడితే గడియారంతో సంబంధం లేకుండా అక్కడికక్కడే ఆపివేస్తాము. అద్దంలో తన ముఖాన్ని తాను చూసుకుంటూ, మండుతున్న కళ్లతో ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా కష్టమే. ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం సంగతి ఇంకా తీవ్రమైనది. అది చర్మంలోని ప్రోటీన్‌ను గడ్డకట్టిస్తుంది, ఒకసారి దిగిన తరువాత బైకార్బనేట్‌తో దానిని వెనక్కి తీసుకోలేము. ఫినాల్ పీల్ గుండె లయను కూడా దెబ్బతీయగలదు. ఈ రెండు పేర్లూ ఉన్న సీసా ఏ ఇంట్లోనూ ఉండకూడదు.

మూడు మందులు కలిసిన ఆ ట్యూబును, అంటే ట్రిపుల్ క్రీమును, మీరు ఇప్పటికిప్పుడు మీ అంతట మీరు మానివేయడం కూడా మంచిది కాదు. అలాంటి క్రీములను సాధారణంగా 8 వారాలకు మించి వరుసగా వాడకూడదు. ఎక్కువ కాలం వాడి అకస్మాత్తుగా ఆపితే ముఖం ఎర్రబడి, మండి, మొటిమల వంటి పొక్కులు రావచ్చు. ఎలా తగ్గించుకుంటూ రావాలో, దాని స్థానంలో ఏమి వాడాలో చర్మవైద్యులు చెబుతారు. ప్రైవేటు ఖర్చు భారమైతే అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, వాటి అనుబంధ ఆసుపత్రులలో ఓపీ చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, ఈ సీసాను రెండింటినీ పెట్టెలతో సహా తీసుకువెళ్లండి.

ఇంట్లో చేసుకోగలిగినది ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది, కానీ అది మీకు ఇప్పుడు కాదు. ఆ క్రీము నుంచి బయటపడి, చర్మం కుదుటపడి, డాక్టరు సరేనన్న తరువాత, లాక్టిక్ లేదా మాండెలిక్ ఆమ్లం 5 నుంచి 10 శాతం లోపు, పీహెచ్ 3.5కు తగ్గనిది, పూర్తి వివరాలున్న సంస్థది ఎంచుకోండి. ముందుగా చెవి వెనుక గాని, మోచేతి లోపలి వైపు గాని కొంచెం రాసి రెండు రోజులు గమనించండి. రాత్రిపూట మాత్రమే వాడండి. ముఖం కడిగిన తరువాత పూర్తిగా ఆరనివ్వండి, ఎందుకంటే తడి చర్మంలోకి ఆమ్లం వేగంగా దిగుతుంది. కంటి కొనలు, ముక్కు మడతలు, పెదవుల మూలలకు పెట్రోలియం జెల్లీ పూయండి. మొదటిసారి ఒక నిమిషం చాలు. తరువాత కూడా పెట్టె మీద చెప్పిన సమయాన్ని ఎన్నడూ దాటకండి. చర్మపు పై పొర కొత్తగా తయారై పైకి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ప్రతి రెండు రోజులకూ పీల్ చేసుకుంటే పునాది ఆరకముందే గోడ కూల్చినట్టే.

కొంచెం చురుక్కుమనడం సహజం. ఎక్కువ మండితే ఎక్కువ పని చేస్తుందన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. భరించలేని మంట, తెలుపు లేదా బూడిద రంగు మచ్చ, బొబ్బ, వీటిలో ఏది కనిపించినా వెంటనే చల్లని ధార నీటితో 20 నిమిషాలు కడగండి. శాలిసిలిక్ ఆమ్లం వాడినప్పుడు మాత్రం పైన తెల్లని పొడి లాంటిది పేరుకుంటుంది. ద్రావణి ఆవిరైపోగా మిగిలిన స్ఫటికాలవి, తడి గుడ్డతో తుడిస్తే పోతాయి. తుడిచినా పోని తెలుపు అయితే అది కాలిన గుర్తు. కంట్లో పడితే కనురెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కాలిన చోట ఐసు ముక్క, టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి ఏవీ పెట్టవద్దు. పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి డాక్టరును కలవండి.

గర్భవతులు, పాలిచ్చే తల్లులు, ఆస్పిరిన్ పడనివారు, పెదవుల పక్కన తరచుగా నీటి పొక్కులు వచ్చేవారు, గాయాలు ఉబ్బుగా మానే తత్వం ఉన్నవారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతున్నవారు, ఇటీవలే మానినవారు డాక్టరును అడగకుండా ఏ పీల్ జోలికీ వెళ్లకూడదు.

సమాధానం (ప్రొద్దుటూరు, బ్యూటీ పార్లర్ నిర్వాహకురాలు)

టీచరమ్మ గారికి నమస్కారం. పెళ్లికూతుళ్లను, వారి వెంట వచ్చే అక్కలను, వదినలను ఏళ్లుగా చూస్తున్నదాన్ని కాబట్టి నా వంతుగా కొన్ని విషయాలు చెబుతానమ్మా.

పీల్‌కు ముందు, తరువాత కనీసం వారం రోజులు థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, స్క్రబ్ ఏవీ ముఖానికి చేయించుకోకూడదు. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది నిన్న ఇంట్లో పీల్ చేసుకున్నామన్న మాట చెప్పరు. పై పెదవి మీద వ్యాక్స్ పట్టీ లాగినప్పుడు దానితో పాటు చర్మం కూడా ఊడి వస్తుంది, అప్పుడు చెబుతారు. కూర్చోగానే ఆ మాట చెప్పండి. అడగకుండా పని మొదలుపెట్టే పార్లర్ అయితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నిమ్మరసం సహజమైనది కదా అని పీల్ బదులు దానిని రాసుకునేవారు మన వైపు చాలామంది ఉన్నారు. నిమ్మరసం పీహెచ్ 2 చుట్టూ ఉంటుంది. పైగా అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, నల్లని మరకలు మిగులుతాయి. పెరుగు, శనగపిండి, మన సున్నిపిండి మెత్తగా రాసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు గాని, వాటితో మంగు పోతుందని నేను ఎవరికీ చెప్పను.

నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. అనంతపురంలో గాని మా ప్రొద్దుటూరులో గాని చైత్రం దాటాక మిద్దె మీది ట్యాంకు నీళ్లు సాయంత్రం ఏడు గంటలకు కూడా పొగలు కక్కుతుంటాయి. ముఖం మండుతున్నప్పుడు కుళాయి తిప్పి ఆ వేడినీళ్లు పోసుకుంటే మంట ఇంకా పెరుగుతుంది. అందుకని, ఏ కొంచెం ఆమ్లం వాడే రోజైనా సరే, పొద్దున్నే పెద్ద బకెట్టు నిండా నీళ్లు పట్టి నీడన మూతపెట్టి ఉంచుకోండి, పక్కనే చెంబు పెట్టుకోండి. కరెంటు పోయినా, మోటారు ఆగినా ఆ నీళ్లు చేతికి అందుతాయి. పిల్లలు నిద్రపోయాకే చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు మెలకువగా ఉండగా చేసుకోండి.

చున్నీ కట్టుకోవడం మంచిదే. కానీ పలుచని చున్నీ గుండా ఎండ దిగుతూనే ఉంటుంది. మా దగ్గరికి వచ్చే చర్మ డాక్టరమ్మ ఒకావిడ మంగు ఉన్నవారికి రంగు కలిపిన సన్‌స్క్రీన్ వాడమంటారు. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా అడ్డుకుంటుందట, మంగును ఆ వెలుతురు కూడా ముదురుస్తుందట. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు వేళ్ల పొడవున క్రీము పిండుకుని ముఖమంతా, మెడకు కూడా రాయాలి. బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే. బయట తిరిగే రోజు రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. మీకు బడిలో మధ్యాహ్న భోజనం వేళ అది కుదురుతుంది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడే పని ఉంటే ఫ్యాను గాలి తగిలేలా చూసుకోండి, ఆ సెగ కూడా మంగుకు పడదు.

పెళ్లికి దగ్గర్లో ముఖం మీద కొత్త ప్రయోగం ఏదీ వద్దమ్మా. నెల రోజుల లోపల ఉంటే పీల్ మాట మరిచిపోండి. మచ్చలను కప్పే కన్సీలరు మంగు మీద బాగా నిలుస్తుంది. మొదట నారింజ ఛాయది పలుచగా అద్ది, ఆ పైన మీ రంగుది వేస్తే బూడిద రంగు తేలదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పెట్టెను తిప్పి చూశాను. అమ్మకందారు పేరు, ఒక ఫోను నంబరు ఉన్నాయి. లైసెన్సు సంఖ్య గాని, చిరునామా గాని లేవు. నిన్న బడి ప్రయోగశాలలోని పీహెచ్ కాగితాన్ని తెచ్చి, చేతికి గ్లవ్స్ వేసుకుని, గాజు కడ్డీతో ఒక చుక్క పెట్టి చూశాను. కాగితం వెంటనే ముదురు ఎరుపుకు తిరిగింది. రంగుల పట్టీతో పోలిస్తే అది ఒకటికీ రెండుకూ మధ్య వస్తోంది. 3.5 దగ్గర రావలసిన నారింజ ఛాయ ఎక్కడా లేదు.

దీనిని ముఖానికి రాసుకోవాలన్న ఆలోచన పూర్తిగా మానుకున్నాను. వచ్చే సోమవారం ట్యూబుతో సహా ఓపీకి వెళ్తున్నాను. అయితే మా సహోద్యోగి ఒకామె, ఒక వంతు ద్రావణానికి రెండు వంతుల నీళ్లు కలిపితే 10 శాతం అవుతుంది కదా, అప్పుడు వాడవచ్చు కదా అని అడుగుతోంది. ఆమెకు ఏమని చెప్పాలి? వాడకపోతే ఈ సీసాను ఎలా పారవేయాలి?

సమాధానం (కర్నూలు, ఫార్మసిస్టు)

టీచర్ గారూ, మీరు చేసిన పరీక్ష ఈ చర్చ అంతటిలోకీ విలువైనది. నీళ్లు కలపడం గురించి మీ సహోద్యోగికి ఇలా చెప్పండి. గ్లైకాలిక్ బలహీన ఆమ్లం. దానిని మూడింతలు పలుచన చేస్తే శాతం మూడో వంతుకు తగ్గుతుంది గాని, పీహెచ్ సుమారు పావు యూనిట్ మాత్రమే పెరుగుతుంది. క్షారం ఏదీ కలపని 30 శాతం ద్రావణం పీహెచ్ లెక్క ప్రకారం 1.6 దగ్గర ఉంటుంది. మీ కాగితం చూపించింది కూడా అదే. దానిని 10 శాతానికి పలుచన చేస్తే 1.9 దగ్గరకు వస్తుంది. 3.5కు ఇంకా ఎంతో దూరంలో ఉన్నట్టు. సంస్థలు తయారుచేసే 10 శాతం ద్రావణంలో కొలిచి క్షారాన్ని కలిపి పీహెచ్‌ను పైకి తెస్తారు. అప్పుడు అందులో స్వేచ్ఛా ఆమ్లం ఏడు శాతానికి దిగువన ఉంటుంది. మీరు ఇంట్లో నీళ్లు కలిపిన దానిలో దాదాపు పది శాతమూ స్వేచ్ఛా ఆమ్లమే. పేరుకు రెండూ 10 శాతమే అయినా రెండూ ఒకటి కావు. ఇక వంటసోడా కలిపి పీహెచ్‌ను సరిచేద్దామని కొందరు అంటారు. అసలు ఆ సీసాలో గ్లైకాలిక్ ఎంత ఉందో, దానితో పాటు ఇంకేమి ఉందో తెలియనప్పుడు దాని మీద ఏ లెక్కా నిలవదు.

పారవేయడం కష్టమేమీ కాదు. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, ఆరుబయట ఒక ప్లాస్టిక్ బకెట్టులో సగానికి నీళ్లు పట్టి, అందులోకి సీసాలోని ద్రావణాన్ని నెమ్మదిగా పోయండి. నీళ్లలోకి ఆమ్లాన్ని పోయాలన్నది మీకు చెప్పనవసరం లేదు. తరువాత వంటసోడాను చెంచా చెంచాగా వేస్తూ ఉండండి. నురగ రావడం పూర్తిగా ఆగిన తరువాత పీహెచ్ కాగితంతో చూసి, ఏడు దగ్గరకు వచ్చిందని తెలిశాక ఎక్కువ నీళ్లతో మురుగు కాలువలో పోయండి. బాత్రూం శుభ్రం చేసే బ్లీచింగు ద్రావణంతో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి, ఆమ్లం తగిలితే దాని నుంచి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఖాళీ సీసాను, డ్రాపరును రెండుసార్లు కడిగి, చీటీ చింపివేసి చెత్తబండికి ఇవ్వండి. సోమవారం డాక్టరుకు చూపించడానికి పెట్టెను, చీటీని ఫోటో తీసి ఉంచుకుంటే చాలు, సీసాను వెంట తీసుకువెళ్లవలసిన పని లేదు.